పేరెత్తని ప్రార్థన

ఆ రోజుల్లో ప్రైవేటు కాలేజీ లెక్చరరంటే ఏడాదిలో పది నెలలు పాఠం చెప్పే మనిషి, మిగతా రెండు నెలలు ఆ పాఠం వినడానికి పిల్లల్ని వెతుక్కొచ్చే మనిషి. (ఈ రోజుల్లోనూ అంతే. కాకపోతే అప్పట్లో నా మోకాళ్ళు నా మాట వినేవి.) పరీక్షలు అయిపోయాయో లేదో, మా చేతుల్లో కరపత్రాల కట్టలు పెట్టి ఊళ్ళ మీదికి తోలేవాళ్ళు. కర్నూలు ఎండ సంగతి తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో నెత్తిన కొంగు కప్పుకొని, గడప గడపకూ నిలబడి, "ఇంటర్ అయిపోయిన పిల్లలున్నారామ్మా?" అని అడుక్కోవడమే మా వేసవి సెలవులు. ఒకచోట ఒక అవ్వ మా సంచులు చూసి, పాపం, చేటలో బియ్యం పోసుకొని వచ్చింది. "బియ్యం వద్దవ్వా, మాకు పిల్లలు కావాల" అన్నాను అలసటలో. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "అయితే ఈడెందుకు తిరుగుతాండావు తల్లీ? అహోబిలం పో, నరసింహస్వామికి మొక్కుకో" అంది. పక్కనున్న మా కామర్స్ మేడమ్ నవ్వీ నవ్వీ ఆ అరుగు మీదే కూలబడింది. నాకైతే నవ్వే ఓపిక కూడా లేదు.

అసలు సైకాలజీలోకి ఎలా వచ్చారు మేడమ్ అని పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు. మనిషి మనసు లోతులు తెలుసుకోవాలన్న తపనతో వచ్చానని చెబితే బాగానే ఉంటుంది. నిజమేమిటంటే, యూనివర్సిటీ కౌన్సెలింగులో నా వంతు వచ్చేసరికి తెలుగు నిండిపోయింది, ఎకనామిక్స్ నిండిపోయింది, చరిత్ర కూడా నిండిపోయింది. బల్ల వెనక కూర్చున్న ఆయన కళ్ళజోడు పైకి తోసుకొని, "సైకాలజీ ఒకటే ఉండాది. తీసుకుంటావా, పక్కకు జరుగుతావా?" అన్నాడు. వెనక వాళ్ళు తోస్తున్నారు. తీసుకున్నాను. మాది కడప జిల్లాలో నేత పని చేసుకు బతికే ఊరు. ఇంటికొచ్చి చెబితే, మగ్గం గుంటలో కూర్చున్న మా నాయన తలెత్తి, "అదేం సదువు మే?" అన్నాడు. "మనసు గురించి నాయనా" అన్నాను. "మనసు గురించి సదివేదేముండాది? అది లేనోళ్ళెవురు?" అని మళ్ళీ నాడె అందుకొని నేతలో పడ్డాడు. మా అమ్మ మాత్రం భయపడింది. "పిచ్చోళ్ళ సదువంట గదా. ఎవురన్నా అడిగితే టీచరు సదువని చెప్పు, సాలు" అంది. ఇప్పటికీ మా అమ్మ బంధువులకు అలాగే చెబుతుంది.

మగ్గం చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నా గొంతు పెద్దది. మా ఇంట్లో ఉప్పు అందించమన్నా కేకే, దేవుడికి దండం పెట్టుకున్నా కేకే. ఆ గొంతు వేసుకొని కర్నూలు పక్కనే కల్లూరులో ఉద్యోగానికి చేరాను. కింద మంచినీళ్ళ ప్లాంటు, పైన మా కాలేజీ. అప్పట్లో నేను పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. తలుపు తోసుకొని లోపలికి వెళ్ళింది మొదలు బెల్లు కొట్టేదాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడటం. మధ్యలో ఆగితే లెక్చరరుకు పాఠం రాలేదని పిల్లలు అనుకుంటారని నాకు భయం. ప్రేరణ, అభ్యసనం, స్మృతి, విస్మృతి, అన్నీ ఒకే గుక్కలో చెప్పి చెమట తుడుచుకునేదాన్ని. (వీటిలో విస్మృతి ఒక్కటే మా పిల్లలకు బాగా వంటబట్టింది.) కింద క్యాన్లు నింపే అన్న ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "మేడమ్, ఏమనుకోవద్దు. రవ్వంత మెల్లగా చెప్పండి. ఫోన్లో ఆర్డర్లు ఇనపడల్యా" అని బతిమాలాడు. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

అలా రెండేళ్ళు గడిచాక ఒక ఎండాకాలం మా కరస్పాండెంట్ సారు నన్ను గదిలోకి పిలిచాడు. ఫ్యాను నా వైపు తిప్పాడు. ఆయన ఫ్యాను తిప్పాడంటే చెడ్డ కబురన్న మాటే. "మేడమ్, మీ గ్రూపులో రెండు వరుసల బెంచీలు నిండాల. నిండకపోతే సైకాలజీ ఎత్తేస్తాం. మీరు శానా మంచోళ్ళు, అది వేరే సంగతి" అన్నాడు. మా నాయనకు చూపు మందగించి మగ్గం దిగిన ఏడు అది. దారం తెగితే కనపడక, చేత్తో తడుముకుంటూ వెతికేవాడు. ఇంటికి నా జీతమే దిక్కు. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి, కరపత్రాల కట్ట చంకన పెట్టుకొని, అంతవరకూ తొక్కని గడపలు కూడా తొక్కాను. మే నెల ఆఖరుకు మొదటి వరుస నిండింది, రెండో వరుస కూడా నిండవచ్చింది. చివరి బెంచీలో గోడ పక్కన ఒక్క చోటు ఖాళీ. ఆ ఒక్క చోటూ ఎన్నాళ్ళు తిరిగినా నిండలేదు. కరస్పాండెంట్ సారు రోజూ ఆ గదికి వచ్చి, ఆ ఖాళీ వైపు చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. అంటే బాగుండేది.

చివరి ప్రయత్నంగా కామర్స్ మేడమ్, నేను కలిసి బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళాం. కామర్స్ మేడమ్ ఒక ఇంట్లో కాలు పెడితే అడ్మిషన్ లేకుండా బయటికి రాదు. "కామర్స్ చదివితే బ్యాంకు, బ్యాంకులో ఏసీ" అనేది. అంతే. ఆ ఎండలో ఏసీ అనే మాట వినగానే తండ్రులు మెత్తబడేవాళ్ళు. నా దగ్గర ఉన్నది మనసు ఒకటే, దానికి ఏసీ లేదు. ఆత్మకూరులో షేర్ ఆటో ఎక్కి అడవి వైపు ఊళ్ళకు బయల్దేరాం. ఆటో అతను దారి పొడుగునా అద్దంలో నన్నే చూసి, "మేడమ్ ఏం సదువు చెప్తాది?" అన్నాడు. చెప్పాను. "అంటే మనిషి మనసులో ఉండేది కనిపెడ్తారా? యాదీ, నా మనసులో ఏముండాదో చెప్పు మేడమ్, చూద్దాం" అన్నాడు. అప్పటికే ఆ ఆటోలో మనుషుల మీద మనుషులున్నారు. "ఇంకో ఇద్దర్ని ఎక్కించుకోవాలని ఉంది" అన్నాను. అతను ఠక్కున బ్రేకు వేసి, వెనక్కి తిరిగి, "అబ్బా! నిజమే మేడమ్" అని, రోడ్డు పక్కన నిలబడ్డ ఇద్దర్ని ఎక్కించుకొని మా ఒళ్ళో కూర్చోబెట్టాడు. నేను చదివిన సైకాలజీ మొత్తం మీద తిరుగులేకుండా పనిచేసింది ఆ ఒక్కసారే.

ఆ ఆటో అతనే మమ్మల్ని ఒక ఇంటి ముందు దింపి, "మనసు మేడమ్ వచ్చింది సూడన్నా" అని కేకేసి పోయాడు. చిన్న ఇల్లు, ముందు రేకుల పందిరి, గోడ మీద శిలువ ఉన్న క్యాలెండరు. కొంచెం పొలం ఉన్న రైతు ఆయన. ఆయన పెళ్ళాం ఉపాధి పనికి పోయింది. ఇంట్లో ఆయన తల్లి, ఇంటర్ పరీక్ష రాసిన కూతురు ఉన్నారు. ఆయన "వందనాలు మేడమ్" అని మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చి, కామర్స్ మేడమ్ ఏసీ దాకా రాకముందే కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు. "మా పాప మాట్లాడల్యా మేడమ్. రిజల్టు వచ్చినప్పట్నుంచి ఒక్క మాట లేదు. ఇంగ్లీషు పోయింది. పోతే పోయిందిలే, సప్లీ రాయి తల్లీ అంటే పలకదు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఈ పాపే. ఆ గొంతు ఇంటే ముసలోళ్ళు ఏడ్సేటోళ్ళు. ఇప్పుడు చర్చి గడప ఎక్కదు. మీరు మనసు సదివినోళ్ళు గదా. ఒక్క మాట పలికించండి. సప్లీ రాయించి మీ కాలేజీలోనే చేరుస్తా" అన్నాడు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నా ఉద్యోగమే దినదిన గండంగా ఉంటే నేను ఇంకొకళ్ళ మనసు బాగుచేయాలి. కానీ గోడ పక్కన ఖాళీ చోటు నా కళ్ళ ముందు కదిలింది. "సరే, నాకు వదిలేయండి" అన్నాను. ఎక్కడ నేర్చుకున్నానో ఆ ధైర్యం.

ముందు అన్నం పెట్టకుండా ఆ ఇంటి అవ్వ ఒప్పుకోలేదు. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, పైన గ్లాసుడు మజ్జిగ. పొద్దుటినుంచి తిరిగి తిరిగి ఉన్నానేమో, సిగ్గు విడిచి తిన్నాను. తర్వాత నన్నూ పాపనూ లోపలి గదిలో కూర్చోబెట్టి, అందరూ పందిరి కిందికి పోయారు. ఆ పిల్ల గోడకు ఆనుకొని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకొని కూర్చుంది. మొదట నాకు తెలిసిన పద్ధతిలోనే పోయాను, అంటే గొంతు. ప్రేరణ గురించి చెప్పాను, ఆత్మవిశ్వాసం గురించి చెప్పాను, ఓటమి గెలుపుకు మెట్టని కూడా చెప్పాను (ఇంత అలసిన మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు). ఆ పిల్ల నన్ను ఎంతో మర్యాదగా చూసింది. పలకలేదు. అప్పుడు నాకు పీజీలో చదివిన ఒక పాఠం గుర్తొచ్చింది. ఎదుటివాళ్ళు మాట్లాడకపోతే నువ్వూ మాట్లాడకుండా కూర్చో, వాళ్ళ వైపు కొంచెం వంగు, నెమ్మదిగా తల ఊపుతూ ఉండు అని. అలాగే నోరు మూసుకొని, కొంచెం వంగి, తల ఊపడం మొదలుపెట్టాను. పైన ఫ్యాను పాతది. తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమని మా నాయన మగ్గంలాగా కొట్టుకుంటోంది. కడుపులో సంగటి. కాసేపు పాఠం ప్రకారం నేనే తల ఊపాను. తర్వాత తలే నన్ను ఊపింది.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. మెలకువ వచ్చేసరికి ఒక గొంతు వినపడుతోంది. నిజంగానే మంచి గొంతు, తొందర లేనిది. "…నేను ఫెయిలైతే నేను ఫెయిలైనట్టు. అంతే గదా. కానీ పరీక్షలకు ముందు ఆదివారం అయ్యగారు నా పేరెత్తి ప్రార్థన చేసినాడు. చర్చి అంతా లేసి నిలబడి చేసినారు. కాలు ఇరిగిన తాత గూడా కట్టె పట్టుకొని లేసినాడు. అంతమంది అడిగినాక నేను ఫెయిలైతే, దేవుణ్ణి ఫెయిల్ చేసినట్టు గాదా? ఆ తాత మొగం నేనెట్ల సూడాల?" నేను కళ్ళు తెరవలేదు. ఊపిరి కూడా బిగబట్టాను. గొంతు ఆగింది. కొంచెంసేపు ఫ్యాను ఒకటే టక్కు టక్కు మంది. తర్వాత ఆ పిల్ల, "లేసినారు గదా మేడమ్" అంది. "నీకెట్లా తెలిసింది?" అన్నాను కళ్ళు మూసుకొనే. "గురక ఆగిపోయింది" అంది.

నాకు ఎంత సిగ్గయిందంటే, ఆ సిగ్గులో నిజమే చెప్పేశాను. "తల్లీ, నేను మొదటి సగం వినలేదు. పడుకున్నాను. నీకు కష్టం కాకపోతే మళ్ళీ మొదట్నుంచి చెప్తావా?" అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసి పగలబడి నవ్వింది. "మీరు పడుకున్నారనే చెప్పినా మేడమ్. లేకుంటే చెప్తానా?" అంది. ఆ నవ్వు విని బయట పందిరి కింద మంచం కిర్రుమంది. తండ్రి లేచి నిలబడి ఉంటాడు. ఆ పిల్ల మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. రెండోసారి అంత బరువుగా లేదు, మధ్య మధ్యలో నవ్వింది కూడా. చివరికి, "సప్లీ రాస్తా. కానీ ఈసారి ఎవురూ నా పేరెత్తగూడదు. నా మానాన నన్ను రాయనీయాల" అంది. అంతకన్నా న్యాయమైన కోరిక నేను ఇప్పటిదాకా వినలేదు. బయటికొచ్చేసరికి అవ్వ నా చేతులు పట్టుకొని, "ఏం మంత్రమేసినావు తల్లీ?" అంది. "పడుకున్నానవ్వా" అన్నాను. ఆమె నమ్మలేదు. (అప్పుడే కామర్స్ మేడమ్ నాకు నిద్ర మేడమ్ అని పేరు పెట్టింది. ఆ పేరు నాకంటే ముందు కాలేజీకి చేరింది.)

అందరం కలిసి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ తాతలనాటి రాతి చర్చి అది. మెట్ల మీద మైకు విప్పి పెట్టుకొని బాగుచేసుకుంటున్నాడు ఆయన. పెద్ద వయసు, మెత్తటి మనిషి. సంగతంతా విని, చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. "ప్రార్థన గూడా బరువైతాదని నాకు తోచల్యా బిడ్డా" అన్నాడు పాపతో. తండ్రి కలగజేసుకొని, "పోనీ అయ్యగారూ, పేరు లేకుండా, పరీక్ష రాసే ఒక బిడ్డ అని చెప్పండి" అన్నాడు. అవ్వ ఊరుకోలేదు. "ఊరు మొత్తానికి సప్లీ రాసేది ఇదొకతే గదరా. ఒక బిడ్డంటే ఎవురో తెలీదా?" అంది. అదీ నిజమే. అయ్యగారు ఆలోచించి, "అయితే పేపర్లు దిద్దే సార్ల కోసం చేద్దాం. వాళ్ళ కండ్లు సల్లగుండాల, వాళ్ళ మనసు నిమ్మళంగా ఉండాల అని" అన్నాడు. (నేనూ పేపర్లు దిద్దిన మనిషినే. మా కోసం ఎవరైనా ప్రార్థన చేయడం అదే మొదటిసారి అనుకుంటాను.) పాప తలూపింది. కానీ అయ్యగారికి తృప్తి లేదు. "జనానికి ఒక పేరుండాలమ్మా. పేరు లేకుంటే వాళ్ళ మనసు నిలబడదు. మీకేం కష్టముండాది మేడమ్?" అని నా వైపు తిరిగాడు. అలసిపోయి ఉన్నప్పుడు నన్ను ఎవరూ అలా అడగకూడదు. రెండు వరుసల బెంచీలు, గోడ పక్క ఖాళీ, మా నాయన చూపు, అన్నీ చెప్పేశాను. "సరే, మీ పేరెత్తుతాం" అన్నాడు. "ఎత్తండి అయ్యగారూ" అంది పాప, నా వైపు ఓరగా చూస్తూ. ఎత్తితే నాదేం పోయింది అనుకున్నాను. నా పేరు, మా ఊరు కూడా విడమరిచి చెప్పాను.

ఏం పోయిందో ఆదివారం తెలిసింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చోగానే ఫోన్ మోగింది. "వందనాలు మేడమ్. ఈ పొద్దు అయ్యగారు మీ పేరెత్తినాడు. అందరూ లేసి నిలబడి చేసినారు. ఆడోళ్ళు ఏడ్సినారు గూడా" అన్నాడు పాప తండ్రి. "అయ్యో, ఎందుకు ఏడ్చారు?" అన్నాను. "మీ నాయన దారం యెతుక్కునేది చెప్పినాడు గదా. కాలు ఇరిగిన తాతయితే రెండుసార్లు లేసినాడు" అన్నాడు. ముద్ద నోట్లోకి పోలేదు. మరుసటి ఆదివారం మళ్ళీ ఫోన్. "వందనాలు మేడమ్. పక్క ఊరి చర్చిలో గూడా మీ పేరెత్తినారు. మా బామ్మర్దిది ఆ ఊరే. బెంచీ నిండిందా మేడమ్?" నిండలేదు. రెండు ఊళ్ళ వాళ్ళు, నా మొహం కూడా చూడనివాళ్ళు, మండుటెండలో లేచి నిలబడి నా బెంచీ కోసం అడుగుతున్నారు. రేపు ఆ గ్రూపు ఎత్తేస్తే నా ఉద్యోగం పోవడం అటుంచి, కట్టె పట్టుకొని లేచిన ఆ తాతకు నేనేం చెప్పాలి? మా అమ్మకు చెబితే, "ఏ దేవుడికి మొక్కినా మంచిదేలే, నీకేం నొప్పి?" అంది. నొప్పే మరి. ఆదివారం వస్తోందంటే ఫోన్ చూసి జంకేదాన్ని. నా ఎంఏ మొత్తం చదివినా అర్థం కానిది, పద్దెనిమిదేళ్ళు నిండని ఆ పిల్ల మాట అప్పుడు అర్థమైంది. చిక్కిపోయావేమే అని కామర్స్ మేడమ్ అడిగితే, "నా కోసం ప్రార్థన చేస్తున్నారు" అన్నాను. ఆమె నెత్తి కొట్టుకొని, మరునాడే తన పాత ఇంగ్లీషు గైడు ఒకటి ఆత్మకూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పాపకు పంపింది. ఇద్దర్నీ ఒక్క దెబ్బకు ఒడ్డున పడేయాలని ఆమె ఆశ.

సప్లీ ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ రాలేదు. సాయంత్రందాకా చూశాను. నేనే చేద్దామా అనుకొని, నంబరు దాకా వెళ్ళి మానేశాను. మరునాడు పొద్దున్నే కాలేజీ మెట్ల దగ్గర, నీళ్ళ క్యాన్ల మధ్యన, ఆ తండ్రీ కూతుళ్ళు నిలబడి ఉన్నారు. తండ్రి చేతిలో సంచి, సంచిలో చెనిక్కాయలు. ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఆ పిల్ల పాసైంది, బొటాబొటిగా. పేపరు దిద్దిన సారెవరో గాని, ఆయన కండ్లు నిజంగానే చల్లగా ఉండి ఉంటాయి. నాకు ఆనందంతో ఏడుపు వచ్చి, దాన్ని మింగలేక, "నిన్న ఫోన్ ఎందుకు చేయలేదు? ప్రాణం తీశారు గదా!" అని కేకేశాను. నా కేకకు క్యాన్లు నింపే అన్న కుళాయి కట్టేసి బయటికొచ్చాడు. పాప నా దగ్గరికొచ్చి, మెల్లగా, "బరువుగా ఉండిందా మేడమ్?" అంది. "ఉండింది తల్లీ" అన్నాను. "నాకూ అట్లే ఉండింది" అంది. తీసుకెళ్ళి గోడ పక్క చోటులో కూర్చోబెట్టాను. ఆ రోజు కరస్పాండెంట్ సారు గదిలోకి వచ్చి, ఆ వైపు చూసి, "పర్వాలేదే" అని వెళ్ళిపోయాడు.

మొదటి క్లాసులో తలుపు తోసుకొని వెళ్ళి, అలవాటు ప్రకారం గొంతు సవరించుకున్నాను. చివరి బెంచీలోంచి ఆ పిల్ల చూస్తోంది. ఏమనిపించిందో, కుర్చీలో కూర్చున్నాను. "ఈ రోజు నేనేం చెప్పను. మీలో ఎవరికైనా చెప్పాలనిపిస్తే చెప్పండి. లేకపోతే ఊరికే కూర్చుందాం" అన్నాను. మొదట ఎవరూ కదల్లేదు. ఫ్యాను ఒకటే తిరిగింది. నాకు ప్రాణం పోతున్నట్టే ఉంది, అయినా నోరు తెరవలేదు. కొంతసేపటికి ముందు బెంచీలో ఒక అబ్బాయి, "మేడమ్, నాకు పరీక్ష హాల్లో చేతులు చెమటలు పడ్తాయి" అన్నాడు. ఇంకో అమ్మాయి, "నాకూ" అంది. అలా మొదలైంది. ప్రేరణ, ఆందోళన, స్మృతి, అన్నీ వాళ్ళ నోళ్ళలోంచే వచ్చాయి. నేను వాటికి పేర్లు పెట్టానంతే. మధ్యలో క్యాన్ల అన్న మెట్లెక్కి వచ్చి తలుపులోంచి తొంగిచూసి, "ఏం మేడమ్, సప్పుడు లేదు, ఈ పొద్దు కాలేజీ లేదా?" అన్నాడు. నా పాఠం చెప్పే పద్ధతి గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు గొప్ప గొప్ప మాటలు చెబుతుంటాను గాని, అది పుట్టింది మాత్రం సంగటి తిని పడుకున్న ఆ మధ్యాహ్నమే.

అదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నాయన లేడు. కామర్స్ మేడమ్ ఉద్యోగం మానేసి, చివరికి ఏసీ ఉన్న ఇంట్లో ఉంటోంది. ఆ పాప ఆత్మకూరులో బడిలో సోషల్ చెబుతుంది (ఇంగ్లీషు జోలికి మాత్రం పోలేదు). ఆదివారం చర్చిలో మళ్ళీ తనే వాక్యం చదువుతుంది. నేను ఇంకా కల్లూరులోనే ఉన్నాను. ఇప్పుడు కరస్పాండెంట్ కుర్చీలో పాత సారు కొడుకున్నాడు. ఆయన ఫ్యాను తిప్పడు, నేరుగానే చెబుతాడు. పిల్లలందరూ కంప్యూటర్లకే పోతున్నారు, ఈ ఏడు రెండు వరుసలు కాదు గదా ఒక వరుస నిండటం కూడా కష్టమే, గ్రూపు ఎత్తేస్తాం అంటున్నాడు. నేనూ కరపత్రాలు పట్టుకొని తిరిగాను. నాలుగిళ్ళు తిరిగి, మోకాళ్ళు పట్టేసి, ఐదో ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే కోపం కూడా రాలేదు, అంత అలసిపోయాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పాప ఫోన్ చేసింది. "వందనాలు మేడమ్. గ్రూపు ఎత్తేస్తారంట గదా, ఇప్పుడే తెలిసింది. వచ్చే వారం చర్చిలో మీ పేరెత్తుతాం" అంది. ఈ వయసులో అంత బరువు మోసే ఓపిక నాకు లేదు. "వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది, నా పేరెత్తొద్దు. అంతగా చేయాలనుంటే ఒక మేడమ్ అని చెప్పండి, చాలు" అన్నాను. అవతల ఆ పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, అప్పటిలాగే పగలబడి నవ్వింది. "ఒక మేడమంటే ఎవురో మా ఊర్లో తెలీదా మేడమ్? కాలు ఇరిగిన తాత మనవడు అప్పుడే కట్టె పట్టుకొని కూసున్నాడు" అంది. వాడి కాలికేమైందని అడిగాను. "ఏం కాలేదు. తాతను సూసి నేర్చుకున్నాడు" అంది. ఫోన్ పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. నోరు మూయడం తెలియక కేకలేస్తూ ఆత్మకూరు బస్సెక్కిన ఆనాటి కుర్ర లెక్చరరమ్మ గుర్తొచ్చింది. ఆమె కోసం ముక్కూ మొహం తెలియని వాళ్ళు లేచి నిలబడ్డారు. పాపం, ఆమెకు ఆ రోజుల్లో అన్నం కూడా సయించలేదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఫ్యాను కింద మంచి నిద్ర పట్టింది.